సుంకవ్వకు శాఖకో పూత

మా జిల్లా ఆఫీసుల్లో కాగితం వాడకూడదని ఉత్తర్వు వచ్చిన ఏడాదే, హైస్కూళ్ళన్నీ వీడియో గేములు తయారు చేయాలని ఇంకో ఉత్తర్వు వచ్చింది. రెండూ వేరువేరు ఏళ్ళలో వచ్చి ఉంటే మా అవ్వకు ఏమీ అయ్యేది కాదు.

గేముల ఉత్తర్వును మా హెడ్మాస్టరు శేషఫణి సారు ప్రార్థన దగ్గర చదివి వినిపించారు. పథకం పేరు ‘పల్లె నుంచి ప్రపంచ తెరకు’. మా వైపు వానలు సరిగా పడటం లేదు కాబట్టి పిల్లలు వీడియో గేముల రంగంలో స్థిరపడాలని పెద్దలు నిర్ణయించారట. ప్రతి హైస్కూలూ ఒక కొత్త వీరుణ్ణి సృష్టించి పోటీకి పంపాలి. ఆ వీరుడు ఇంతకుముందు ఏ గేములోనూ కనిపించి ఉండకూడదు.

మా బడిలో కంప్యూటర్లు ఉన్నాయి. హెడ్మాస్టరు గదిలో బల్ల మీద పూల దుప్పటి కప్పుకొని ఉంటాయి. ఆయుధపూజ నాడు దుప్పటి తీసి, కుంకుమ బొట్లు పెట్టి, మళ్ళీ కప్పేస్తాం. వాటిని ఆన్ చేస్తే గదిలో ఫ్యాను ఆగిపోతుంది. సారుకు చెమట ఎక్కువ.

“సార్, మరి గేము యాడ చేయాల సార్?” అని షబానా అడిగింది. షబానా నా స్నేహితురాలు. నేను మనసులో అనుకున్నవన్నీ అదే పైకి అడుగుతుంది. నలుగురిలో నోరు తెరవడం నాకు చేతకాదు.

“గేము రెండో దశమ్మా. మొదటి దశలో వీరుడు. ముందు వీరుణ్ణి ఆమోదిస్తారు. ఆ వీరుడు ఏం చేస్తాడన్నది తర్వాత చెప్తారు.”

“తెర లేకుండా వీరుడు ఎట్ల కనపడతాడు సార్?”

“అందుకే చిన్న బొమ్మగా చేసి, రంగులు వేసి పంపమన్నారు. బొటనవేలంత ఉంటే చాలు. తెర మీద కనిపించే సౌకర్యం లేనప్పుడు అరచేతిలోనైనా కనిపించాలని వాళ్ళ ఉద్దేశం.” ఇలా చెప్పి సారు పిల్లలందరినీ ఒకసారి చూసి, నా దగ్గర ఆగారు. “ఉరుకుందమ్మా, నువ్వు చేయి.”

ఎందుకు నన్నే అన్నారంటే, మట్టెద్దుల అమావాస్యకు మా ఊళ్ళో అందరూ మట్టితో ఎద్దులు చేసి పూజ చేస్తారు. నేను చేసిన ఎద్దుల్ని చూసి ఎవరి ఎద్దో వాళ్ళు గుర్తుపడతారు. పోయినేడు ఈరన్న తాత నా మట్టి ఎద్దు దగ్గర నిలబడి, “ఒరే, మళ్ళా కుంటుతాండావు గదరా” అని బాధపడిపోయాడు.

మా మేనత్త కొడుకు ఫోనులో నేను కొన్ని గేములు చూశాను. అందులో వీరులందరికీ ఛాతీలు ఒకటే కొలత. కత్తులున్నాయి గానీ పని లేదు. నా వీరుడికి పని ఉండాలనుకున్నాను. మాకు తెలిసిన వాళ్ళలో ఎప్పుడూ పని ఉండేది మా అవ్వకు. అవ్వ పేరు సుంకమ్మ. సజ్జ చేను కంకి మీదికి వచ్చిందంటే అవ్వ మంచె ఎక్కుతుంది. తాడుతో అల్లిన వడిసెలలో రాయి పెట్టి, తల మీదుగా గిర్రున తిప్పి, ఒక కన్ను మూసి విసురుతుంది. రాయి ఏ పిట్టకూ తగలదు. పక్క నుంచి పోతుంది. చిలకలు, గోరింకలు అన్నీ లేచిపోతాయి. అప్పుడు అవ్వ ముందు పళ్ళు లేని నోటితో నవ్వుతుంది.

ఆ నవ్వే నా వీరురాలు. పేరు వడిసెల సుంకవ్వ. గేములో మొదట చిలకలు వస్తాయి, తర్వాత అడవిపందులు, ఆ తర్వాత పక్క చేను వాళ్ళ బర్రె. చివరి మెట్టులో అడ్డదారి కోసం చేనులోంచి ట్రాక్టరు తోలే మనిషి వస్తాడు.

ఇంత చిన్న బొమ్మకు మన్ను పనికిరాదు, వేళ్ళు విరిగిపోతాయి. పైపులు కారితే పూసే రెండు ముద్దల మందు ఉంటుంది కదా, ఆ రెంటినీ కలిపి పిసికితే మెత్తగా ఉండి కాసేపటికి రాయవుతుంది. సన్న ఇనుప తీగ వంచి ఎముకలు చేసి, దాని మీద ఆ ముద్ద అద్ది, కాళ్ళ కింద చిన్న మంచె పెట్టాను. కొంగు మడతలు సూదితో, చెంపల ముడతలు తుమ్మముల్లుతో గీశాను. రంగులు షబానా వాళ్ళ నాన్న ఇచ్చాడు. ఆయన అంగళ్ళకు పేర్లు రాస్తాడు. కుంచె వెంట్రుకలు కొన్ని మాత్రం ఉంచి మిగతావి కత్తిరించేశాను.

చిన్న బొమ్మకు రంగు నీళ్ళలా పల్చగా ఉండాలి. చిక్కగా వేస్తే ముడత పూడిపోతుంది. ముడత పూడితే అవ్వ పోతుంది. ఒక పూత వేసి, అది బాగా ఆరేదాకా దాని జోలికి పోకూడదు. నేను ఆరబెట్టినప్పుడల్లా అవ్వ వచ్చి వంగి చూసేది.

“ఏమ్మే, అయిందా?”

“ల్యా. కన్ను బెట్టాల. నువ్వు కదలాకు.”

“కదలకుండా ఉంటే నేను సచ్చిపోయినానని కాకులు వచ్చేస్తాయి. బిన్నా కానీ.”

నవ్వుతుంటే అవ్వ మూసిన కంటి దగ్గర మూడు గీతలు పడతాయి. ఊపిరి బిగబట్టి అవి గీశాను. అవ్వ బొమ్మను తీసుకొని కంటి దగ్గర పెట్టుకొనేలోపే షబానా పరుగున వచ్చింది. మండలం జీపు వచ్చేసింది, సారు బొమ్మను తెమ్మంటున్నాడు అంది.

“ఆగమ్మే, నేనింకా చూళ్ళేదు” అంది అవ్వ.

“జీపు ఎల్లిపోతాదవ్వా.”

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. “ఇదో ఉరుకుందూ. కార్డుకు ఫోటో తీసేటోడు నవ్వొద్దంటాడు. అద్దంలో నన్ను నేను చూసుకోని నవ్వితే పిచ్చిదంటారు. నేను నవ్వితే ఎట్లుంటానో నాకే తెలీదు. పోటీ అయినాక నా మొగం నాకి తెచ్చియ్యాల. తెస్తావా?”

“తెస్తానవ్వా” అన్నాను.

కొన్నాళ్ళకు మమ్మల్ని జిల్లా కేంద్రానికి పిలిచారు. శేషఫణి సారు, షబానా, నేను బస్సులో వెళ్ళాం. పెద్ద హాలులో పొడవాటి బల్ల, బల్ల చుట్టూ అన్ని శాఖల అధికారులు, బల్ల మధ్యలో తెల్ల గుడ్డ, గుడ్డ మీద మా అవ్వ. అందరికన్నా అవ్వే ధైర్యంగా నిలబడి ఉంది.

అధ్యక్షుడు విరూపాక్షం గారు, జిల్లా క్రీడాతెరల సమన్వయాధికారి. ఆయన లేచి గొంతు సవరించుకున్నారు.

“పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, కాగిత రహిత పాలనలో మన జిల్లా ముందడుగు వేసింది. ఇకమీదట ఫైలు అనేది ఉండదు. వస్తువే ఫైలు. ఏ వస్తువు పరిశీలనకు వస్తే ఆ వస్తువు మీదనే శాఖలు తమ అభిప్రాయములను నమోదు చేయవలెను. ప్రస్తుత వస్తువు రంగులకు సంబంధించినది కావున, అభిప్రాయములు రంగుల రూపంలోనే ఉండవలెను.”

“తుడిచే అవకాశం ఉంటుందాండీ?” అని శేషఫణి సారు భయంభయంగా అడిగారు.

“నమోదైన అభిప్రాయాన్ని తుడిచివేయడం నేరం. దాని మీద మరొక అభిప్రాయం నమోదు చేయవచ్చును.”

అటెండరు రంగు డబ్బాలు, బ్రష్షులు తెచ్చి పెట్టాడు. బ్రష్షుల సరఫరా బాధ్యత రోడ్లు భవనాల శాఖ తీసుకుంది. అవి గోడలకు సున్నం వేసేవి. ఒక్కో బ్రష్షు వెడల్పులో మా అవ్వలు ఆరుగురు పక్కపక్కన నిలబడొచ్చు.

మొదట వ్యవసాయ శాఖ ఆయన బొమ్మను చేతిలోకి తీసుకున్నారు. చాలాసేపు చూశారు. “అద్భుతం. మా అమ్మ గుర్తొచ్చింది. చిన్న సూచన మాత్రమే. చీర ఎరుపు. మా శాఖలో ఎరుపు తెగులుకు గుర్తు. రైతులు భయపడతారు. ఆకుపచ్చ వేద్దాం.”

చీరకు మాత్రమే వేద్దామని ఆయన ఎంతో జాగ్రత్తగా బ్రష్షు ఆనించారు. అవ్వ నడుము నుంచి పాదాల దాకా, పాదాల కింద మంచె దాకా పచ్చగా అయిపోయింది.

అటవీ శాఖ ఆయనకు వడిసెల నచ్చలేదు. “ఇది ఆయుధం. లక్ష్యం చిలక. చిలక రక్షిత జీవి.”

“సార్, అవ్వ పక్కకు ఏస్తాది సార్. చిలకకు తగల్దు” అంది షబానా.

“తగలకపోవడం గురి లోపమా, సదుద్దేశమా అన్నది విచారణలో తేలాలి. అంతవరకు ఆయుధం కనిపించరాదు.” ఆయన వడిసెలకు గోధుమరంగు వేశారు. వడిసెలతో పాటు చెయ్యి, భుజం, కొప్పు కూడా గోధుమరంగులోకి వెళ్ళాయి.

వైద్య శాఖ ఆయన బాగా ఇబ్బంది పడ్డారు. “ముందు పళ్ళు లేవు. ఈ జిల్లాలో పళ్ళు లేని వృద్ధులు లేరని మేము పోయిన నెలే పైకి నివేదించాం. ఈవిడ ఒక్కరి వల్ల నివేదిక తప్పవుతుంది.” ఆయన అవ్వ నోటికి తెల్ల రంగు వేశారు. ఎంత తెల్లగా వేశారంటే నోటితో పాటు ముక్కుకు కూడా పళ్ళొచ్చాయి.

నేను శేషఫణి సారు చొక్కా చెయ్యి లాగాను. సారు నా వైపు చూడకుండా, “ఓపిక పట్టు తల్లీ, శాఖలు కదా” అని గొణిగారు.

మా విద్యాశాఖ ఆయన కంటి దగ్గర ఆగారు. “ఒక కన్ను మూసి ఉంది. ఒక కన్ను మూసిన విద్యార్థి రెండో కన్ను మూయడానికి ఎంతోసేపు పట్టదు. ఇది తరగతి గదిలో నిద్రను ప్రోత్సహిస్తుంది.” ఆయన మూసిన కంటి మీద నల్ల రంగుతో పెద్ద కన్ను తెరిచారు. నేను గీసిన మూడు గీతలూ దాని కింద పడ్డాయి. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. తల వంచుకున్నాను.

కార్మిక భద్రత వాళ్ళు, మంచె మీద నిలబడిన మనిషి తలకు రక్షణ లేదని పసుపు రంగు టోపీ పెట్టారు. స్త్రీ సంక్షేమం చూసే మేడం మంచావిడ. బొమ్మను చూడగానే “పాపం, కాళ్ళకు చెప్పుల్లేవు” అని బాధపడి, నీలం చెప్పులు వేశారు. ఆ చెప్పులు మోకాళ్ళు దాటి నడుము దాకా వచ్చాయి. “పోనీలే, వానాకాలం బూట్లనుకుందాం” అని నన్ను చూసి నవ్వారు.

నీటిపారుదల శాఖ ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, “మాకు ఏ అభ్యంతరమూ లేదు” అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది.

“అభ్యంతరం లేదన్నది కూడా అభిప్రాయమే. నమోదు చేయండి” అన్నారు విరూపాక్షం గారు.

ఆయన ఏ రంగూ లేని వార్నీషు ఒక డబ్బా తెప్పించి, బొమ్మను అందులో నిండా ముంచి తీశారు.

“సార్, మా ఉరుకుందు ఏమంటాందంటే, ఒక రంగు ఆరినాకనే ఇంకోటి ఎయ్యాలంట సార్. పచ్చి మీద ఏస్తే నిలవదంట” అని షబానా నా తరఫున మొత్తుకుంది.

విరూపాక్షం గారు ప్రశాంతంగా, “ఆరుటకు కాలవ్యవధి ఉత్తర్వులో కేటాయించబడలేదు. ఆఫీసు మూసేలోపు శాఖలన్నీ పూర్తి చేయాలి” అన్నారు. తర్వాత బొమ్మను ఒక అట్టపెట్టెలో పెట్టి మా సారుకు ఇచ్చారు. రాష్ట్రస్థాయి బృందం వచ్చేవరకు అది బడిలో భద్రంగా ఉండాలి. బడి కూడా తన సమ్మతిని నమోదు చేయాలి.

బస్సులో సారు పెట్టెను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నారు. ఊరు దగ్గర పడుతుండగా, “అందరూ పూశాక హెడ్మాస్టరు ఒక్కడూ పూయకపోతే బాగుండదమ్మా” అని, నా ముఖం చూడలేక కిటికీలోంచి బయటకు చూస్తూ, పెట్టెకు అంటిన రంగులో చిటికెన వేలు అద్ది ఒక చిన్న చుక్క పెట్టారు. మొత్తం పూతల్లో అదొక్కటే పల్చగా ఉంది.

ఇంటికి తీసుకెళ్ళి చూపించి వెంటనే తెచ్చేస్తామని సారు దగ్గర షబానా అనుమతి తీసుకుంది. ఇంట్లో అవ్వ చేతులు కడుక్కొని, కొంగుకు తుడుచుకొని, అరచెయ్యి చాపింది. నేను పెట్టాను.

“ఏమిది?”

నేను షబానా వైపు చూశాను.

“ఏమ్మే షబానా, ఏమిది? మామిడి టెంకకు రంగులేసినారా?”

“నువ్వే అవ్వా” అంది షబానా.

“నేనా? నా మూతి యాడుంది?”

నేను చూపించాను. అవ్వ గోటితో అక్కడ తట్టింది. “నా కన్నేది? నా వడిసెల యాడ?”

“లోపల ఉండాయవ్వా.”

“నేను లోపల కూసోనుంటే చిలకల్ని వాళ్ళ నాయన తోలతాడా?” అవ్వ లేచి గూట్లోంచి వడిసెల తీసింది. “ఎవురే వాళ్ళు? యా ఆఫీసే అది? మంచి గుండ్రాయి ఒకటి చూడు.”

“రా అవ్వా, బస్సుంది!” అని షబానా చెప్పులు కూడా వేసేసుకుంది.

ఇద్దరినీ ఆపేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది. అవ్వ వడిసెల మళ్ళీ గూట్లో పెట్టింది కానీ బొమ్మను మాత్రం ముట్టుకోలేదు. “నువ్వు తెస్తానన్నావు. ఇది కాదు నేనడిగింది” అని చేనికి వెళ్ళిపోయింది.

మర్నాడు షబానా చేత సారును అడిగించాను. పై పూతలు గీకేస్తానని. సారు తలుపు వేసి మరీ చెప్పారు. “తల్లీ, ఇప్పుడు అది బొమ్మ కాదు. ఫైలు. ఫైలు గీకితే నా పింఛను గీకేస్తారు.”

రాష్ట్రస్థాయి బృందం మా బడికి వచ్చింది. వాళ్ళలో ఒకాయన, ఆకుపచ్చ ఒక పార్టీ వాళ్ళను గుర్తుచేస్తోందన్నారు. ఇంకొకాయన, పసుపు ఇంకో పార్టీ వాళ్ళను గుర్తుచేస్తోందన్నారు. నీలం గురించి ఎవరూ ఏమీ అనలేదు కానీ అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి ఎవరినీ గుర్తుచేయని రంగు కావాలని తీర్మానించి, వెంట తెచ్చిన డబ్బాలన్నీ ఒక బకెట్టులో పోసి కలిపారు. ఎవరినీ గుర్తుచేయని రంగు తయారైంది. అది ఎండిన పేడను గుర్తుచేసింది. సమతుల్యత కోసం దాన్ని కింద నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి వేశారు. ప్రాంతీయ న్యాయం కోసం నాలుగు పక్కల నుంచీ వేశారు. ఆ తర్వాత మెరుగు నూనె పట్టించి రుద్దారు.

ఆ బొమ్మ ఇప్పుడు నున్నగా, గుండ్రంగా, పెద్ద నిమ్మకాయంత అయింది. ఎలా నిలబెట్టినా నిలబడటం లేదు. కాబట్టి అది ఎప్పుడూ చురుగ్గా కదులుతూ ఉంటుందని రాసుకున్నారు. రాసుకోకూడదని గుర్తొచ్చి, దాని మీద ఇంకో పూత వేసి, మళ్ళీ నూనె పట్టించి రుద్దారు.

బహుమతుల మహోత్సవం మా జిల్లా కేంద్రంలోనే పెట్టారు. వేదిక మీద పెద్ద తెర, తెర మీద పథకం పేరు, ముందు వరసల్లో ప్లాస్టిక్ కుర్చీలు. ఇతర బళ్ళ వీరులు చాలామంది ఏదో ఒక శాఖ దగ్గర ఆగిపోయారు. ఒకరికి అగ్నిమాపక శాఖ పూత వేయలేదు. ఇంకొకరికి పూతలెక్కువై బరువుకు కాళ్ళు విరిగాయి. అన్ని శాఖలూ దాటి వచ్చినవాడు మా వీరుడొక్కడే. మొదటి బహుమతి మాకే అన్నారు. బహుమతి పేరు ‘సర్వశాఖా సమ్మత వీరుడు’.

ముఖ్య అతిథి మా బొమ్మను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకొని, దగ్గరగా పెట్టుకొని చూశారు. బాగా రుద్దినందువల్ల అందులో ఆయన ముఖం కనిపించింది.

“ఏం గాంభీర్యం!” అన్నారు ఆయన. “ఈ వీరుణ్ణి చూస్తే ఎందుకో నాకు చాలా ఆత్మీయంగా అనిపిస్తోంది.”

అధికారులు వరసగా వచ్చి చూశారు. అందరికీ ఆత్మీయంగానే అనిపించింది.

శేషఫణి సారుకు శాలువా కప్పారు. షబానా ఈలలు వేసింది. నేను వేదిక మెట్ల దగ్గర నిలబడి, ఇంటికెళ్ళి అవ్వకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. బొమ్మను గాజు పెట్టెలో పెట్టి కలెక్టరేటులో శాశ్వతంగా ఉంచుతామని అప్పుడే మైకులో చెప్పారు. శాశ్వతంగా అన్న మాట విన్నాక ఇంకేమీ వినబడలేదు.

ఫోటో కోసం ముఖ్య అతిథి బొమ్మను ఇంకాస్త పైకి ఎత్తారు. మెరుగు నూనె కదా. జారింది.

అది వేదిక మీద పడి దొర్లింది. విరూపాక్షం గారు వెంటపడ్డారు. ఆయన వెనక వ్యవసాయ శాఖ, అటవీ శాఖ, వైద్య శాఖ. ఎవరి శాఖ పరిధిలోకి వస్తే వాళ్ళే పట్టుకోవాలని ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. అది ఎవరి పరిధిలోనూ ఆగకుండా మెట్ల మీదికి వచ్చి, ఒక్కో మెట్టే దిగి, కింద సిమెంటు నేల మీద నా కాళ్ళ దగ్గర టప్పుమని పగిలింది.

పచ్చి మీద పచ్చి పూసిన రంగు కదా, లోపల ఎక్కడా అంటుకోలేదు. పెంకు కొబ్బరి చిప్పలా రెండుగా విడిపోయింది. మధ్యలోంచి మా అవ్వ బయటపడింది. చీర ఎరుపు పెచ్చులు లేచింది. ముక్కు కొస విరిగి పెంకులోనే ఉండిపోయింది. కానీ చెయ్యి పైకే ఉంది, వడిసెల ఉంది, ఒక కన్ను మూసి ఉంది. పళ్ళు లేని నోటితో నవ్వుతోంది.

అందరూ చుట్టూ మూగారు.

“ఎవరీ స్త్రీ?” అన్నారు విరూపాక్షం గారు.

“ఈవిడే సార్, మన వీరురాలు…” అన్నారు శేషఫణి సారు.

“కాదు. మన వీరుడు ఇదిగో, ఈ పెంకు. సకల శాఖల అభిప్రాయములు దీని మీద ఉన్నాయి. ఈవిడ మీద ఏ ఒక్క శాఖ అభిప్రాయమూ లేదు. అనుమతి లేకుండా ఫైలు లోపలికి ఎలా ప్రవేశించింది?”

“చేతిలో ఆయుధం కూడా ఉంది” అన్నారు అటవీ శాఖ ఆయన.

“పళ్ళు లేవు” అని వైద్య శాఖ ఆయన, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశారు.

“స్వాధీనం చేసుకుందాం” అన్నారెవరో.

విరూపాక్షం గారు ఆలోచనలో పడ్డారు. “స్వాధీనం చేసుకుంటే ఇది ప్రభుత్వ వస్తువు అవుతుంది. వస్తువే ఫైలు. అంటే మళ్ళీ అన్ని శాఖలూ…”

అధికారులందరూ తమ చేతుల వైపు చూసుకున్నారు. ఆకుపచ్చ, గోధుమ, నీలం ఇంకా గోళ్ళలోంచి పోలేదు. స్త్రీ సంక్షేమం మేడం మెల్లగా ఒక కుర్చీ లాక్కొని కూర్చున్నారు.

షబానా కోసం చూశాను. అది జనం వెనకాల ఎక్కడో ఇరుక్కుపోయి ఎగురుతోంది. దాని జడ మాత్రమే కనబడుతోంది.

“అది మా అవ్వ సార్” అన్నాను.

“ఎవరది? ఏమన్నావు?”

నా గొంతు నాకే కొత్తగా ఉంది. “మా అవ్వ సార్. ఇంటికి తీసకపోవాల.”

విరూపాక్షం గారి ముఖం వికసించింది. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను అంతకుముందు చూడలేదు. “సొంత అవ్వా? అట్లయితే ఇది కుటుంబ వ్యవహారం. మా పరిధిలోకి రాదు. వెంటనే తీసుకొని వెళ్ళవలెను. ఇక్కడ క్షణమైనా ఉంచడానికి వీల్లేదు.”

నేను అవ్వను తీసుకొని గుప్పిట మూశాను.

పెంకు రెండు ముక్కల్నీ జిగురుతో అతికించి గాజు పెట్టెలో పెట్టారు. కార్యక్రమం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలైంది. రెండో దశ గురించి, అంటే ఆ వీరుడు గేములో ఏం చేస్తాడన్న దాని గురించి విరూపాక్షం గారు అక్కడే ప్రకటించారు. ఏం చేసినా ఏదో ఒక శాఖకు అభ్యంతరం రావచ్చు కాబట్టి, వీరుడు ఏమీ చేయడు. తెర మధ్యలో ఉంటాడు. ఆడేవాళ్ళు కూడా ఏమీ నొక్కకూడదు. అలాగైతే ఓడిపోయే పిల్లలే ఉండరని, ఫలితాలు నూటికి నూరు శాతం వస్తాయని చెప్పారు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

నేను ఊరు చేరేసరికి అవ్వ చేనికి బయల్దేరుతోంది. వడిసెల భుజాన వేసుకొని ఉంది. నేను గుప్పిట తెరిచాను.

అవ్వ వెంటనే తీసుకోలేదు. ముందు దూరం నుంచి చూసింది. తర్వాత తీసుకొని, వెలుతురుకు పట్టి, ఒక కన్ను మూసి చూసింది.

“నేను నవ్వితే ఇట్లుంటానా?”

“అట్లే ఉంటావవ్వా.”

“ముక్కేదే?”

“గవర్నమెంటు కాడ ఉండిపోయింది.”

అవ్వ బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి ఇంకోసారి చూసుకుంది. “బాగుండానే గదమ్మే. ఇంత బాగుంటే వాళ్ళెందుకు పూసినారు?”

“వాళ్ళు చూళ్ళేదవ్వా.”

“మరి అంతసేపు ఏం జేసినారు?”

“సూచనలిచ్చినారు.”

అవ్వ నవ్వింది. కంటి దగ్గర మూడు గీతలూ పడ్డాయి. బొమ్మను కొంగు చివర పెట్టి గట్టిగా ముడేసుకొని, “ఆదివారం తీరిగ్గా కూసుంటాలే, ముక్కు పెడుదువు” అని చెప్పి, చిలకలు దిగే వేళయిందని గబగబా వెళ్ళిపోయింది.